పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద గేములు: 18 ఎఫ్‌పీఎస్ నుంచి 43 దాకా నా అనుభవం

నా ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. ఇంటెల్ ఆరో తరం ఐ5-6200యు, రెండు కోర్లు నాలుగు థ్రెడ్లు, గ్రాఫిక్స్ అంటే ఆ ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న హెచ్‌డీ 520, విడిగా కార్డేమీ లేదు. 8 జీబీ ర్యామ్, మధ్యలో నేనే వేసుకున్న సాటా ఎస్ఎస్‌డీ, 1920 బై 1080 స్క్రీన్. మొదట్నుంచీ లినక్సే వాడుతున్నా, రోజూ చేసుకునే పనికి ఇప్పటికీ ఏ లోటూ లేదు. గేమ్ ఆడదామని కూర్చుంటే మాత్రం పది నిమిషాల్లో ఉత్సాహం మొత్తం నీరుగారిపోయేది. కొత్తది కొనుక్కోవచ్చుగా అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, నాకు మాత్రం బాగా పనిచేస్తున్న మెషీన్ని పక్కన పడేయడానికి మనసొప్పలేదు, అసలు దీంట్లో ఉన్న సత్తా అంతా నేను వాడుకుంటున్నానా లేదా అన్నది ముందు తేల్చుకోవాలనిపించింది. అలా మొదలైన పని శని ఆదివారాల్లో కూర్చుని కూర్చుని దాదాపు రెండు నెలలు పట్టింది. ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది దండగో అన్నీ రాస్తున్నా, ఇలాంటి పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి పనికొస్తుందని.

టెస్ట్ చేయడానికి ఒకే గేమ్ పెట్టుకున్నా, స్కైరిమ్, అదీ 2011లో వచ్చిన పాత ఎడిషన్. ఇది విండోస్ గేమ్, లినక్స్‌లో స్టీమ్ (ఆన్‌లైన్‌లో గేములు అమ్మే యాప్) వాళ్ళ ప్రోటాన్ మీద నడుస్తుంది. ప్రోటాన్ వచ్చింది 2018లో, లోపల ఉండేది విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్, దాంతో పాటు డీఎక్స్‌వీకే అని ఒకటి ఉంటుంది, గేమ్ బొమ్మలు గీయమని విండోస్ పద్ధతిలో (డైరెక్ట్‌ఎక్స్) అడిగే పనుల్ని లినక్స్‌లో కూడా నడిచే వల్కన్ భాషలోకి మార్చి మన గ్రాఫిక్స్ డ్రైవర్‌కి ఇస్తుంది. రివర్‌వుడ్ ఊళ్ళో వంతెన దగ్గర ఒక సేవ్ పెట్టుకున్నా, అక్కణ్ణుంచి ఊరు చివరిదాకా నడిచి వెనక్కి రావడం, చెట్లు నీళ్ళు ఇళ్ళు మనుషులు అన్నీ ఉంటాయి కాబట్టి టెస్ట్‌కి బాగుంటుంది. ఏం మార్చినా సరే మళ్ళీ అదే సేవ్, అదే నడక, అవే సెట్టింగ్స్. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే, లేకపోతే ఒక రోజు గుహలో ఆడి ఇంకో రోజు ఊళ్ళో ఆడి "ఈ ట్వీక్ పనిచేసింది" అని మనల్ని మనమే నమ్మించుకుంటాం.

మొదటిసారి 720పీ రెజల్యూషన్‌లో, సెట్టింగ్స్ దాదాపు అన్నీ తక్కువ స్థాయిలో పెట్టి ఆడితే మొదటి మూడు నిమిషాలు 31 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 31 ఫ్రేములు, వచ్చింది. పర్లేదే అనుకునేలోపు 24, తర్వాత 20, ఐదో నిమిషానికి 17-18 దగ్గర కూర్చుంది, ఇంక లేవలేదు. ఫ్యాన్ మాత్రం హోరు మంటూనే ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఏంటంటే, ఎందుకు పడిపోతోందో చూడకుండా కనిపించిన ట్వీకులన్నీ వరసపెట్టి కొట్టడం. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని మార్చి గేమింగ్ కెర్నల్ అని ఒకటి వేశా. సీపీయూ ఎంత వేగంగా నడవాలో చూసుకునే గవర్నర్ అనే సెట్టింగ్‌ని పవర్‌సేవ్ నుంచి పర్ఫార్మెన్స్‌కి మార్చా. కెర్నల్ బూట్ లైన్‌లో మిటిగేషన్స్ ఆఫ్ అని పెట్టా, అంటే ప్రాసెసర్‌లోని సెక్యూరిటీ లోపాలకి ఇచ్చిన రక్షణలు ఆపేయడం. డెస్క్‌టాప్ మార్చి ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకున్నా, దాంట్లో విండోల నీడలు, ఎఫెక్టులు చూసుకునే కంపోజిటర్ కూడా ఆపేశా. ఇన్ని చేశాక రివర్‌వుడ్‌లో నడిస్తే 16. ఒకటో రెండో తగ్గింది! పర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టాక తగ్గడమేంటో ఆరోజు అస్సలు అర్థం కాలేదు, అది తర్వాత తెలిసింది, దాని సంగతి కింద రాస్తా ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అసలు కీలకం అదే.

సరే అని అన్నీ వెనక్కి తీసేసి మ్యాంగోహడ్ వేశా. గేమ్ మీదే ఒక మూల ఎఫ్‌పీఎస్, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గ్రాఫ్, సీపీయూ వేడి, క్లాక్ స్పీడ్, ర్యామ్ వాడకం అన్నీ చూపిస్తుంది. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కెళ్ళి లాంచ్ ఆప్షన్స్‌లో మ్యాంగోహడ్ అని కొట్టి పక్కనే రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అనే మాట పెడితే చాలు. ఇది ఆన్ చేసి ఆడితే ఐదు నిమిషాల్లో బొమ్మ మొత్తం కళ్ళ ముందుకొచ్చేసింది. మొదలుపెట్టినప్పుడు వేడి 60 డిగ్రీలు, సీపీయూ 2.7 గిగాహెర్ట్జ్. రెండో నిమిషానికి 90 దాటింది. మూడో నిమిషానికి 97, అక్కణ్ణుంచి క్లాక్ టకటకా పడిపోయి 1.3 దగ్గర ఊగిసలాడుతోంది, సరిగ్గా అప్పుడే ఎఫ్‌పీఎస్ కూడా కూలిపోతోంది. ఈ ప్రాసెసర్‌కి గరిష్ఠ వేడి 100 డిగ్రీలు, అది దగ్గరపడితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది, థర్మల్ థ్రాట్లింగ్ అంటారు దీన్ని. అంటే నేను కెర్నల్ మార్చినా డెస్క్‌టాప్ మార్చినా లాభమేముంటుంది, చిప్ ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ విప్పా. ఇన్నేళ్ళలో ఎస్ఎస్‌డీ వేయడానికి కింద చిన్న మూత తీశా గానీ మొత్తం అడుగు ఎప్పుడూ తీయలేదు. స్క్రూలు అన్నీ ఒకే సైజు ఉండవు, అందుకని కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో ఆ స్థానంలోనే గుచ్చి పెట్టా. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ లాగేయడం, అది చేయకుండా లోపల ఏదీ ముట్టుకోవద్దు. ఫ్యాన్ పైకి చూడటానికి మరీ అంత దుమ్ముగా లేదు, ఇదేనా అనుకున్నా. ఫ్యాన్ విప్పి పక్కకి తీస్తే అప్పుడు కనపడింది అసలు విషయం. ఫ్యాన్ గాలి వదిలే చోటుకీ, సన్నటి రాగి రెక్కలుండే హీట్‌సింక్‌కీ మధ్యలో దుమ్ము అట్టలా పేరుకుపోయి ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా, కంబళి గుడ్డ చింపినట్టు, ఊడొచ్చింది. వేలెడు పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోయే దారే లేదు, ఇన్నాళ్ళూ ఆ హోరు అంతా అందుకే.

ఇక్కడొక జాగ్రత్త, ఫ్యాన్‌ని గాలితో ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదాలి, వదిలేస్తే అది దాని మామూలు వేగం కంటే ఎక్కువ తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత హీట్‌సింక్. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి, తీసేటప్పుడు 4 నుంచి 1కి, బిగించేటప్పుడు 1 నుంచి 4కి, అదీ ఒక్కొక్కటి పూర్తిగా కాకుండా అన్నీ కొంచెం కొంచెంగా. ఎత్తి చూస్తే పాత థర్మల్ పేస్ట్ సున్నం పెచ్చులా ఎండిపోయి ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది, చిప్ అద్దంలా మెరిసేదాకా తుడిచా, ఓపిగ్గా తుడవాలి, గట్టిగా రుద్దకూడదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి డెస్క్‌టాప్ వాటిలా పైన లోహపు మూత ఉండదు, చిప్ నేరుగా బయటే ఉంటుంది, కాబట్టి పేస్ట్ మధ్యలో చుక్క పెట్టి వదిలేయకుండా మొత్తం పైభాగం పల్చగా కప్పేలా చూసుకోవాలి. నేను పెసర గింజంత తీసుకుని ప్లాస్టిక్ ముక్కతో పరిచా. అంతే, మళ్ళీ బిగించేశా. విప్పడం, శుభ్రం చేయడం, బిగించడం అన్నీ కలిపి రెండున్నర గంటలు పట్టింది, చేయి తిరిగినవాళ్ళకి గంట చాలు.

ఆన్ చేసి రివర్‌వుడ్‌కెళ్ళా. మొదటి నిమిషం 31. ఐదో నిమిషం 30. ఇరవయ్యో నిమిషం 29! వేడి 76 దాటలేదు. గుండె తేలికైపోయింది నిజంగా. ఒక్క సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ ముట్టుకోకుండా 18 కాస్తా 29 అయింది, మీది ఐదేళ్ళు దాటిన ల్యాప్‌టాప్ అయితే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి.

అడుగు విప్పినప్పుడు ఇంకోటి కూడా గమనించా. ర్యామ్ స్లాట్లు రెండున్నాయి, ఒకటి ఖాళీ. 8 జీబీ ఒకటే స్టిక్. నా ఇన్నేళ్ళ లెక్క ఏంటంటే నా వాడకానికి 8 సరిపోతోంది కదా ఇంకోటి ఎందుకు అని. కానీ విషయం ఎన్ని జీబీలు అన్నది కాదు. ఇలాంటి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ప్రతి టెక్స్చరూ ప్రతి ఫ్రేమూ మామూలు ర్యామ్‌లోంచే లాక్కోవాలి, అదే దారిలో సీపీయూ కూడా వస్తూ పోతూ ఉంటుంది. నా ర్యామ్ డీడీఆర్4, 2133 స్పీడ్, ఒక స్టిక్ ఉంటే సెకనుకి గరిష్ఠంగా 17 జీబీ దారి. అదే రెండు స్టిక్కులు వేస్తే డ్యూయల్ చానల్ అయి 34. అంటే గ్రాఫిక్స్‌కి దారి రెండింతలవుతుంది. మీ దగ్గర ఎన్ని స్టిక్కులున్నాయో విప్పకుండానే తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో డీఎంఐడీకోడ్ కమాండ్‌ని మెమరీ ఆప్షన్‌తో రూట్‌గా రన్ చేస్తే స్లాటు స్లాటుకీ చూపిస్తుంది. అదే స్పీడ్, అదే సైజ్ ఉన్న ఇంకో 8 జీబీ స్టిక్ వేశా. సైజులు వేరైనా నడుస్తుంది గానీ సమానంగా ఉన్నంత మేరకే డ్యూయల్ చానల్ పనిచేస్తుంది. 29 కాస్తా 37 అయింది. నీళ్ళ పక్కన నడిచేటప్పుడు వచ్చే ఆ కుదుపు కూడా పోయింది.

ఈ దశలో సాఫ్ట్‌వేర్ వైపు వచ్చా. నేను వాడుతున్న డిస్ట్రో (లినక్స్ రకం) వెర్షన్ బాగా పాతబడింది, దాంట్లో మెసా కూడా పాతదే. లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు విడిగా డౌన్‌లోడ్ చేసుకునేవి కావు, కెర్నల్‌లో కొంత, మెసాలో కొంత ఉంటాయి, మెసా కొత్తదైతే డ్రైవర్ కొత్తదైనట్టే. ఇంకో సంగతి, డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 ఉండి తీరాలి. నాది ఆరో తరం కాబట్టి సమస్య లేదు, కొత్త మెసాలో వల్కన్ సపోర్ట్ బాగుంది. నాలుగో తరం ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి మాత్రం ఇక్కడ అడ్డం పడుతుంది, ఆ చిప్‌లకి వల్కన్ సపోర్ట్ పూర్తిగా లేదని డ్రైవరే చెప్తుంది, వాళ్ళు ప్రోటాన్ వైన్‌డీ3డీ ఆప్షన్ ఆన్ చేసి వల్కన్‌కి బదులు పాతదైన ఓపెన్‌జీఎల్ మీద నడుపుకోవాలి, నిదానంగా ఉన్నా పాత గేములు నడుస్తాయి.

ఆర్చ్ మీద ఆధారపడిన డిస్ట్రో ఒకటి కొత్తగా వేసి, స్టీమ్ ఇన్‌స్టాల్ చేసి, స్కైరిమ్ నొక్కితే ప్లే బటన్ స్టాప్‌గా మారి రెండు సెకన్లలో మళ్ళీ ప్లే అయిపోయింది. ఎర్రర్ లేదు, విండో లేదు, ఏమీ లేదు. ప్రోటాన్ వెర్షన్లు నాలుగు మార్చి చూశా, గేమ్ మళ్ళీ డౌన్‌లోడ్ చేశా, రాత్రి ఒంటిగంట దాకా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్ లాగ్ ఆన్ చేస్తే హోమ్ ఫోల్డర్‌లో స్టీమ్-72850 అని ఒక లాగ్ ఫైల్ వచ్చింది, ఆ అంకె స్కైరిమ్ ఐడీ. దాంట్లో వెతికితే వల్కన్ డివైస్ ఏదీ దొరకలేదు అని ఉంది. కానీ వల్కన్ ఇన్ఫో కమాండ్ కొడితే నా ఇంటెల్ కార్డ్ చక్కగా కనపడుతోంది! రెండూ నిజమే ఎలా అవుతాయి అని చాలాసేపు ఆలోచిస్తే అప్పుడు వెలిగింది, పాత స్కైరిమ్ 32-బిట్ గేమ్. నా 64-బిట్ డ్రైవర్ సరిగ్గానే ఉంది, 32-బిట్ వల్కన్ డ్రైవర్ లేదు. స్టీమ్ వేసేటప్పుడు ప్యాక్‌మ్యాన్ (ఆర్చ్‌లో ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే టూల్) ఒక ప్రశ్న అడుగుతుంది, 32-బిట్ వల్కన్ డ్రైవర్ వీటిలో ఏది కావాలి అని ఒక లిస్ట్ ఇస్తుంది, నేను చదవకుండా ఎంటర్ కొట్టేశా, మొదట ఉన్నది వేరే కంపెనీ కార్డులకి సంబంధించినది, అది పడింది. లిబ్32 ఇంటెల్ వల్కన్ ప్యాకేజ్ వేయగానే గేమ్ టక్కున ఓపెన్ అయింది. ప్లే స్టాప్ ప్లే అని మూసుకుపోయే సమస్య ఎవరికున్నా ముందు ఇది చూసుకోండి. రెండోది, గేములు విండోస్ పార్టిషన్‌లో, అంటే ఎన్‌టీఎఫ్ఎస్‌లో పెట్టకండి, ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారుచేసుకుంటుంది, దాని లింక్ పేరులో కోలన్ గుర్తు ఉంటుంది, ఎన్‌టీఎఫ్ఎస్‌కి ఆ గుర్తు పడదు. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లైన ఎక్స్‌టీ4 లోనో బీటీఆర్ఎఫ్ఎస్ లోనో పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, పర్ఫార్మెన్స్ గవర్నర్ పెడితే ఎఫ్‌పీఎస్ ఎందుకు తగ్గింది అన్నది.

ఈ ప్రాసెసర్‌కి కంపెనీ ఇచ్చిన పవర్ లిమిట్ 15 వాట్లు. ఆ 15 సీపీయూకి మాత్రమే కాదు, సీపీయూకీ గ్రాఫిక్స్‌కీ కలిపి. ఉమ్మడి కుటుంబంలో ఒకే జీతం లాంటిది, ఒకరు ఎక్కువ ఖర్చుపెడితే ఇంకొకరికి తగ్గుతుంది. గేమ్ ఆడేటప్పుడు కష్టమంతా గ్రాఫిక్స్‌దే, సీపీయూకి సగం పని కూడా ఉండదు. మనం పర్ఫార్మెన్స్ గవర్నర్ పెడితే సీపీయూ అవసరం ఉన్నా లేకపోయినా టర్బో, అంటే మామూలు కంటే ఎక్కువ వేగంలోనే కూర్చుని వాట్లు లాగేస్తుంది, గ్రాఫిక్స్‌కి మిగిలిన దాంతో అది నెమ్మదిగా నడుస్తుంది. నేను దీన్ని కళ్ళారా చూసింది ఇంటెల్ జీపీయూ టాప్ అనే టూల్‌లో, రూట్‌గా రన్ చేయాలి, గ్రాఫిక్స్ ఎన్ని మెగాహెర్ట్జ్‌లో నడుస్తోందో, ఎన్ని వాట్లు తీసుకుంటోందో, మొత్తం చిప్ ఎన్ని వాట్లు తీసుకుంటోందో సెకను సెకనుకీ చూపిస్తుంది. పర్ఫార్మెన్స్ గవర్నర్‌లో మొత్తం 15 వాట్లు, గ్రాఫిక్స్ క్లాక్ 700 దగ్గర. ఈ గ్రాఫిక్స్ గరిష్ఠం 1000. అంటే దాదాపు మూడో వంతు వేగం ఊరికే పోతోంది. గవర్నర్‌ని పవర్‌సేవ్‌కి మార్చా, దాంతో పాటు సీపీయూ వేగాన్ని నడిపే ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ ఫోల్డర్‌లో నో టర్బో అనే ఫైల్‌లో 1 రాశా. సీపీయూ 2.3 దాటకుండా ఆగింది. గ్రాఫిక్స్ క్లాక్ 900 దాటింది. ఎఫ్‌పీఎస్ 37 నుంచి 41.

పవర్‌సేవ్ అనే పేరు చూసి చాలామంది భయపడతారు, నేనూ అంతే. కానీ ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌లో పవర్‌సేవ్ అంటే ఎప్పుడూ కనిష్ఠ వేగంలో ఉంచడం కాదు, అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ పేరే సరిగ్గా పెట్టలేదని నా అభిప్రాయం. గేమ్‌మోడ్ అనే టూల్ చాలామంది వాడుతుంటారు, గేమ్ మొదలవగానే పర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టేస్తుంది, ఆ టూల్ తయారుచేసినవాళ్ళకి కూడా ఈ విషయం తెలుసు, అందుకే దాని కాన్ఫిగ్‌లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కోసం విడిగా గవర్నర్ సెట్టింగ్ పెట్టారు, గ్రాఫిక్స్ మీద భారం ఎక్కువగా ఉన్నప్పుడు వెనక్కి పవర్‌సేవ్‌కి మారేలా. పాత వెర్షన్లలో ఇది లేదు, కాబట్టి కొత్తదే వాడండి. అయితే సీపీయూ భారం ఎక్కువ ఉండే గేములు, అంటే నగరాలు కట్టేవి, వందలమంది యూనిట్లు తిరిగే స్ట్రాటజీ గేములు, వాటికి టర్బో ఆపితే దెబ్బతింటాయి, వాటికి మాత్రం టర్బో ఆన్‌లోనే ఉంచా.

ఇదే దారిలో ఇంకో అడుగు అండర్‌వోల్టింగ్. చిప్‌కిచ్చే వోల్టేజ్ కొంచెం తగ్గిస్తే అదే వేగానికి తక్కువ వాట్లు, తక్కువ వేడి, మిగిలిన వాట్లు గ్రాఫిక్స్‌కి పోతాయి. ఇంటెల్ అండర్‌వోల్ట్ అనే చిన్న టూల్ ఉంది. ముందే చెప్తున్నా, 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక చాలా బయోస్ అప్‌డేట్లు ఈ వోల్టేజ్ కంట్రోల్‌ని మూసేశాయి, అప్‌డేట్ అయిన ల్యాప్‌టాప్‌లలో విలువ రాసినా పట్టదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా కెర్నల్ లాక్‌డౌన్ వల్ల రాయనివ్వదు. నాది పాత బయోసే కాబట్టి పనిచేసింది. కోర్‌కీ క్యాష్‌కీ ఒకే విలువ ఇవ్వాలి, ఒకదానికే ఇస్తే ప్రభావం ఉండదు. మైనస్ 50 మిల్లీవోల్ట్‌తో మొదలుపెట్టి పదేసి తగ్గిస్తూ ప్రతిసారీ అరగంట ఆడి చూశా. మైనస్ 110 దగ్గర గేమ్ మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోయింది, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. వెనక్కొచ్చి మైనస్ 80 దగ్గర ఆగా, గ్రాఫిక్స్‌కి మైనస్ 40. స్థిరంగా ఉందని నమ్మకం కుదిరేదాకా బూట్‌లో ఆటోమేటిక్‌గా పెట్టలేదు, మీరూ పెట్టకండి, చేత్తో పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినా రీబూట్ చేస్తే మామూలైపోతుంది. దీంతో 43, వేడి 70.

43 వచ్చింది కదా అని అలా వదిలేసి ఆడితే మాత్రం కంటికి అంత హాయిగా లేదు. మ్యాంగోహడ్‌లో ఫ్రేమ్‌టైమ్ గీత రంపపు పళ్ళలా ఉంది. ఎందుకంటే స్క్రీన్ 60 హెర్ట్జ్, 43 ఫ్రేములు దాంట్లో సమానంగా పడవు, ఒకటి ఎక్కువసేపు ఒకటి తక్కువసేపు నిలబడుతుంది. మ్యాంగోహడ్ కాన్ఫిగ్‌లోనే ఎఫ్‌పీఎస్ లిమిట్ 30 పెట్టా. గీత సాఫీగా, పలక మీద స్కేలు పెట్టి గీసినట్టు అయిపోయింది. మరి 43 దాకా తేవడం వృథానా అంటే కాదు, సగటు 43 ఉంటేనే పెద్ద గొడవలు జరిగే చోట కూడా 32-33 కంటే కిందకి పడటం లేదు, 30 ఎక్కడా చెదరడం లేదు. సగటు 31 ఉన్న రోజుల్లో 30 లిమిట్ పెట్టినా ప్రతి మలుపులో 22కి జారేది. పైగా లిమిట్ పెట్టాక వేడి 63కి దిగింది, ఫ్యాన్ చప్పుడు గేమ్ సౌండ్‌లో కలిసిపోయింది.

రెజల్యూషన్ విషయంలో గేమ్‌స్కోప్ వాడా. గేమ్‌ని 1280 బై 720 లో నడిపి స్క్రీన్‌కి 1080 కి పెంచి చూపిస్తుంది, ఎఫ్ఎస్ఆర్ అనే బొమ్మని పెంచే పద్ధతి ఆన్ చేస్తే మామూలుగా సాగదీసిన దానికంటే అక్షరాలూ అంచులూ స్పష్టంగా ఉంటాయి. 1080 లో ఉండే పిక్సెల్స్‌లో 720 లో ఉండేవి సగం కంటే తక్కువ, 44 శాతం, ఆ ఆదా చాలా పెద్దది. ఎఫ్ఎస్ఆర్ కూడా ఇదే గ్రాఫిక్స్ మీద నడవాలి కాబట్టి రెండు ఎఫ్‌పీఎస్ దానికి పోతాయి, నాకు అది ఇవ్వదగ్గ ఖర్చే అనిపించింది. గేమ్ లోపల సెట్టింగ్స్‌లో ఎక్కువ లాభం వచ్చింది నీడల దూరం, నీడల రెజల్యూషన్ తగ్గించడం. టెక్స్చర్లు మాత్రం మీడియంలోనే ఉంచా, ర్యామ్ 16 అయ్యాక వాటికి ఇబ్బంది లేదు.

కొత్త చోటికి వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి ముందుకెళ్ళే ఆ స్టటర్ ఉంటుంది కదా, అది ఎక్కువగా షేడర్లు (గ్రాఫిక్స్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవడం వల్ల. స్టీమ్‌లో షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆన్‌లో ఉంచండి, మొదటిసారి కాస్త టైమ్ తీసుకున్నా ఓపిక పట్టండి, రెండు కోర్ల ప్రాసెసర్‌కి అది నిజంగానే చాలాసేపు పడుతుంది. రెండోసారి అదే చోటికి వెళ్తే ఆ కుదుపు ఉండదు, అందుకే ఏ గేమ్‌నైనా మొదటి పది నిమిషాలు చూసి తీర్పు చెప్పను. ర్యామ్ 8 ఉన్నప్పుడు జెడ్‌ర్యామ్ కూడా పెట్టుకున్నా, ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కంప్రెస్ చేసి స్వాప్‌లా (ర్యామ్ నిండితే వాడే అదనపు చోటులా) వాడుతుంది, డిస్క్ మీద స్వాప్ కంటే ఎన్నో రెట్లు నయం, ఫెడోరాలో 33వ వెర్షన్ నుంచి మొదట్నుంచే ఆన్ అయ్యి వస్తుంది. 8 జీబీ దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఇది తప్పకుండా చేసుకోవాలి.

మిటిగేషన్స్ ఆఫ్ గురించి కూడా చెప్పాలి, చాలామంది దీన్ని మంత్రంలా చెప్తుంటారు. 2022లో రెట్‌బ్లీడ్ అనే సెక్యూరిటీ లోపానికి వచ్చిన ప్యాచ్ వల్ల ఆరో తరం ప్రాసెసర్ల వేగం కొంత తగ్గిన మాట నిజమే. అన్నీ సర్దుకున్నాక మళ్ళీ ఆఫ్ చేసి రివర్‌వుడ్‌లో నడిచి చూశా, తేడా ఒక్క ఎఫ్‌పీఎస్ కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ అడ్డం గ్రాఫిక్స్ దగ్గర, సీపీయూ దగ్గర కాదు. ఇదే ల్యాప్‌టాప్‌లో బ్యాంక్ పనులు చేసుకుంటా, ఆ రక్షణ తీసేయడం నాకిష్టం లేదు, వెంటనే ఆన్ చేసేశా. గేమింగ్ కెర్నల్ కూడా అంతే, మామూలు కెర్నల్‌కి వచ్చేశా.

మా తమ్ముడు ఈ మధ్య వచ్చినప్పుడు "అన్నా, ఇది పాతదే కదా, ఏం మార్చావ్?" అని అడుగుతూనే రెండు గంటలు పోర్టల్ 2 ఆడాడు. అది లినక్స్‌లో నేరుగా నడుస్తుంది, ప్రోటాన్ అక్కర్లేదు, లాంచ్ ఆప్షన్స్‌లో వల్కన్ అని పెడితే నా దగ్గర ఇంకా సాఫీగా నడుస్తోంది, 720 లో 60 దగ్గర లాక్ అయిపోతుంది. హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి 1080 లోనే హాయిగా నడుస్తున్నాయి. కొత్త తరం పెద్ద గేములు ఆశించకండి, రెండు కోర్లతో వాటికి న్యాయం జరగదు. కెర్నల్ స్థాయి యాంటీ-చీట్ (మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న ఆన్‌లైన్ గేములకీ దీనికీ సంబంధం లేదు, అవి చాలావరకు ఎంత కొత్త మెషీన్ అయినా లినక్స్‌లో నడవవు.

ఇంక మిగిలింది బ్యాటరీ. చార్జర్ తీసేస్తే క్లాకులు తగ్గిపోయి స్కైరిమ్ 24కి వస్తోంది, అది పవర్ ప్రొఫైల్ వల్లా లేక ఈ పాత బ్యాటరీయే అంత కరెంట్ ఇవ్వలేకపోతోందా అన్నది తేల్చాలి. ప్రస్తుతానికి చార్జర్ పెట్టుకునే ఆడుతున్నా. నిన్న రాత్రి మూడు గంటలు ఏకబిగిన ఆడా, చివర్లో మ్యాంగోహడ్ మూల చూస్తే 30 ఎఫ్‌పీఎస్, 64 డిగ్రీలు.